పైలట్: చుక్కాని దగ్గర పుట్టి ఆకాశానికెక్కిన మాట

108 అంబులెన్సు ప్రస్తావన వచ్చినప్పుడు నెల్లూరు వైపు ఒక ప్రశ్న తరచూ వినిపిస్తుంది: "విమానం తోలేవాణ్ణి గదా పైలట్ అనేది? అంబులెన్సు తోలేవాడు పైలట్ ఎట్టవుతాడు?" 2005 ఆగస్టు 15న అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ మొదలైనప్పటి నుంచి ఆ బండిలో ఇద్దరు ఉంటారు. రోగికి సాయం చేసేది ఈఎంటీ, బండి నడిపేది పైలట్. డ్రైవర్ అనే మంచి మాట ఉండగా పైలట్ అనడం గొప్ప కోసం చేసిన పని అని చాలామంది అనుకుంటారు. రైలు డ్రైవర్‌ను లోకో పైలట్ అనడం మీదా ఇదే అనుమానం.

ఈ అనుమానం వెనక ఒక నమ్మకం ఉంది. పైలట్ అనేది ఆకాశానికి చెందిన మాట, నేల మీద పనిచేసేవాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు అని. నిజానికి ఆ మాటను అరువు తెచ్చుకుంది ఆకాశమే. విమానం అనే వస్తువు లేని రోజుల్లో, దాదాపు నాలుగు వందల ఏళ్ల పాటు ఇంగ్లీషులో పైలట్ అంటే ఓడకు దారి చూపే మనిషి. ఇప్పటికీ కృష్ణపట్నం ఓడరేవులో పైలట్ అంటే అర్థం అదే. అక్కడ ఆ మాట వినగానే ఎవరూ ఆకాశం వైపు చూడరు, సముద్రం వైపు చూస్తారు.

పైలట్ ఇంగ్లీషులోకి 16వ శతాబ్దం మొదట్లో వచ్చింది. ఫ్రెంచి నుంచి వచ్చింది, ఫ్రెంచికి ఇటాలియన్ నుంచి వచ్చింది. ఇటాలియన్‌లో దాని పాత రూపం పెదోతా. ఆ వెనక ఉన్నది మధ్యయుగపు గ్రీకు. ప్రాచీన గ్రీకులో పేదోన్ అంటే తెడ్డు రెక్క, ఓడ వెనక వైపు కట్టి దిశ మార్చే పెద్ద తెడ్డు. ఆ కాలపు ఓడలకు ఇప్పటిలాంటి చుక్కాని లేదు, వెనక పక్కలకు కట్టిన పెద్ద తెడ్లే చుక్కానులు. ఆ తెడ్డు పట్టినవాడే పైలట్‌కు మూలపురుషుడు. పెదోతాలో ఉన్న ద శబ్దం పైలట్‌లో ల ఎందుకైందంటే, ఓడ ప్రయాణానికి సంబంధించిన మరో ఇటాలియన్ మాట ప్రభావం పడి ఉంటుందని పండితులు అంటారు.

తెలుగు పాఠకులకు అసలు ఆసక్తి కలగాల్సింది ఇంకొంచెం లోతుకు వెళితే. గ్రీకు పేదోన్‌కు మూలం పాదం అనే అర్థమున్న ధాతువు. తెడ్డు రెక్క పాదంలా వెడల్పుగా ఉంటుంది. సంస్కృతంలో పద్, పాద అనేవీ, లాటిన్‌లో పెద్ అనేదీ, ఇంగ్లీషులో ఫుట్ అనేదీ ఆ ఇంటి పిల్లలే. సంస్కృతంలో ప ఉన్న చోట ఇంగ్లీషులో ఫ కనిపించడం ఈ భాషల మధ్య నియమంగా జరిగిన మార్పు: పితృకు ఫాదర్, పంచకు ఫైవ్, పాదానికి ఫుట్. సైకిల్ పెడల్ లాటిన్ దారిలో వచ్చింది, పైలట్ గ్రీకు దారిలో వచ్చింది. మనం రోజూ వాడే పాదం అనే మాటకూ, పద్నాలుగు వేల అడుగుల ఎత్తున కాక్‌పిట్‌లో కూర్చున్న మనిషి ఉద్యోగం పేరుకూ చుట్టరికం ఉంది.

ఒకప్పుడు దీనికి ఇంకో కథ చెప్పేవాళ్లు. డచ్చి భాషలో నీటి లోతు కొలిచే సీసపు గుండును పేల్‌లోట్ అనేవాళ్లనీ, పైలట్ అందులోంచి వచ్చిందనీ పాత నిఘంటువులు కొన్ని రాశాయి. తాడుకు సీసం కట్టి నీళ్లలోకి వదిలి, ఎన్ని బారల లోతుందో చూసుకుంటూ ఓడను నడపడం పైలట్ పనిలో ముఖ్య భాగం కాబట్టి కథ నమ్మేలా ఉంది. కానీ గ్రీకు, ఇటాలియన్, ఫ్రెంచి మెట్లు వరసగా దొరుకుతున్నప్పుడు దీని అవసరం లేకపోయింది. నేటి నిఘంటుకారులు దీన్ని పక్కన పెట్టేశారు.

పైలట్ రాకముందు ఇంగ్లీషువాళ్లు ఆ పనివాణ్ణి లోడ్స్‌మన్ అనేవాళ్లు. లోడ్ అంటే దారి. ధ్రువ నక్షత్రాన్ని లోడ్‌స్టార్ అనడం, సూదంటురాయిని లోడ్‌స్టోన్ అనడం అందుకే, రెండూ దారి చూపేవి. ఆ పాత మాట పైలట్ ముందు నిలవలేక పోయింది. పేరు మారినా అర్థం మారలేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. అమరకోశంలో "కర్ణధారస్తు నావికః" అని ఉంది. కర్ణం అంటే చెవి, ఓడ విషయంలో మాత్రం చుక్కాని. చుక్కాని పట్టినవాడు కర్ణధారుడు. గ్రీకులకు ఆ తెడ్డు పాదంలా కనిపిస్తే, మనవాళ్లకు ఓడ పక్కన నిలిచిన చెవిలా కనిపించింది. తర్వాత రెండు మాటలూ ఒకే దారిన నడిచాయి. ఈనాడు తెలుగులో కర్ణధారుడు అంటే ఎవరికీ పడవ గుర్తుకు రాదు, ఒక సంస్థనో ఉద్యమాన్నో ముందుండి నడిపినవాడు గుర్తుకొస్తాడు. ఇంగ్లీషులోనూ 16వ శతాబ్దం ముగిసేలోగానే పైలట్‌కు నీళ్లతో పనిలేని మార్గదర్శి అనే అర్థం వచ్చేసింది. గవర్నర్ కథా ఇలాంటిదే. ఓడ నడపడం అనే అర్థమున్న ఇంకో గ్రీకు క్రియ లాటిన్‌లోకి వెళ్లి గవర్నర్ అయింది. కెప్టెన్ మాత్రం లాటిన్‌లో తల అనే అర్థమున్న కపుత్ నుంచి వచ్చింది. ఓడలో తల కెప్టెన్, పాదం పైలట్. ఇది మాటల మీద వేడుకగా అన్నా, ఓడలో పని పంపకానికి బాగా సరిపోతుంది.

తీరం వెంట ఇంకా మాటలున్నాయి. నెల్లూరుకు పొరుగున ఉన్న తమిళంలో ఓడ నడిపేవాడు మాలుమి. అది అరబ్బీ ముఅల్లిం, అంటే నేర్పేవాడు, గురువు. మరబోటు నడిపేవాణ్ణి తెలుగులో సరంగు అంటాం. అది పారశీ సర్‌హంగ్, అంటే దళపతి. ఒకే పనికి ఒక భాష పాదాన్ని చూసి పేరు పెట్టింది, ఒకటి చెవిని చూసి, ఒకటి గురువును చూసి, ఒకటి దళపతిని చూసి పెట్టింది. అన్నిటిలోకీ ముఅల్లిం అసలు విషయానికి దగ్గరగా ఉందనిపిస్తుంది. ఆ మనిషి విలువ అతని చేతి బలంలో లేదు, అతనికి తెలిసినదానిలో ఉంది.

ఏం తెలియాలి? క్రీస్తుశకం 1వ శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథంలో దీనికి చక్కటి జవాబుంది. గుజరాత్ తీరంలోని భరుకచ్ఛం, అంటే నేటి భరూచ్, రేవులోకి వెళ్లడం కొత్త ఓడలకు చాలా ప్రమాదమని అందులో రాశాడు. ఇసుక తిన్నెలు, ఒక్కసారిగా పొంగే పోట్లు, నది ముఖద్వారం కనపడకపోవడం. అందుకని రాజుగారి కొలువులో ఉన్న స్థానిక జాలర్లు పెద్ద పడవల్లో చాలా దూరం ఎదురెళ్లి, వచ్చే ఓడలను తీసుకొచ్చేవాళ్లు. పోటు మొదలయ్యాక లాక్కుపోతూ, ఆటు వేళ సురక్షితమైన మడుగుల్లో నిలుపుకుంటూ రేవుకు చేర్చేవాళ్లు. పైలట్ అనే మాట పుట్టకముందే, పూర్తి అర్థంలో పైలట్ పని అది. చేసింది మన దేశపు జాలర్లు. అదే భరుకచ్ఛాన్ని బౌద్ధ జాతక కథల్లో ఒకటి కూడా చెబుతుంది. అందులో బోధిసత్త్వుడు ఉప్పునీళ్లకు చూపు పోగొట్టుకున్న ఓడ మార్గదర్శి. కళ్లు లేకపోయినా వర్తకులు అతణ్ణే బతిమాలి ఓడ ఎక్కించుకుంటారు. దారి అతని కళ్లలో కాక అనుభవంలో ఉందని వాళ్లకు తెలుసు.

కృష్ణపట్నంలో ఈ రోజు జరిగేది కూడా మూలంలో ఇదే. థర్మల్ కేంద్రాలకు బొగ్గు తెచ్చే ఓడ ఎక్కడో ఇండోనేషియాలోనో ఆస్ట్రేలియాలోనో బయలుదేరి వస్తుంది. దాని కెప్టెన్ ప్రపంచమంతా తిరిగినవాడే కావచ్చు, కానీ ఈ రేవు అతనికి కొత్త. ఓడ బయట లంగరు వేసి రేడియోలో పైలట్‌ను అడుగుతుంది. పైలట్ కావాలి అని చెప్పే అంతర్జాతీయ జెండా పసుపు, నీలం నిలువు చారలది. పైలట్ మా ఓడలో ఉన్నాడు అని చెప్పేది సగం తెలుపు, సగం ఎరుపు. చిన్న బోటులో వెళ్లిన పైలట్, కదులుతున్న ఓడ పక్కన వేలాడదీసిన తాడు నిచ్చెన ఎక్కుతాడు. ఎక్కాల్సిన ఎత్తు 9 మీటర్లు దాటితే తాడు నిచ్చెన ఒక్కటే వాడకూడదు, ఓడ మెట్లను కూడా జతచేయాలని అంతర్జాతీయ నిబంధన. అలలు బోటును ఎత్తి దించుతుంటే సరైన క్షణం చూసుకుని నిచ్చెన అందుకోవాలి. ప్రపంచవ్యాప్తంగా పైలట్లు గాయపడేది, ప్రాణాలు పోగొట్టుకునేది ఎక్కువగా ఈ నిచ్చెన దగ్గరే. రేవు పైలట్ జీవితంలో అతి కష్టమైన ప్రయాణం ఆ కొన్ని మెట్లే.

పైకి వెళ్లాక అతను స్టీరింగ్ పట్టుకోడు. కెప్టెన్ పక్కన నిలబడి, ఎంత వేగం, ఏ దిశ, ఓడను లాగే చిన్న బోట్లయిన టగ్గులు ఎక్కడ లాగాలి అని చెబుతాడు. చుక్కాని తిప్పేది ఓడ సిబ్బందే. పెత్తనం, బాధ్యత రెండూ కెప్టెన్‌వే. పనామా కాలువ లాంటి ఒకటి రెండు చోట్ల తప్ప ప్రపంచమంతా పద్ధతి ఇది. మాట పుట్టింది తెడ్డు పట్టిన చేతి నుంచి. అర్థం నిలిచింది మాత్రం తెడ్డు వదిలేసి దారి మాత్రమే చెప్పే మనిషి దగ్గర.

తూర్పు తీరంలో ఈ మనిషి అవసరం మరీ ఎక్కువ. ఇక్కడ అలలు ఇసుకను తీరం వెంట ఏడాది పొడవునా కదిలిస్తూనే ఉంటాయి. నికరంగా చూస్తే దక్షిణం నుంచి ఉత్తరానికి ఇసుక నడిచిపోతుంటుంది. ఏటి మొగలు పూడుతుంటాయి, తెగుతుంటాయి, పక్కకు జరుగుతుంటాయి. పెన్న సముద్రంలో కలిసే చోటైనా, చిన్న చిన్న ఉప్పుటేర్ల మొగలైనా నిరుడు చూసినట్టు ఈ ఏడు ఉండవు. పెద్ద ఓడరేవులు పూడిక తీసుకుంటూ దారి కాపాడుకుంటాయి. పట్టపుపాలెం, పల్లెపాలెం అనే పేర్లతో తీరం పొడవునా ఉన్న ఊళ్ల మత్స్యకారులకు మాత్రం ఆ సౌకర్యం లేదు. ఏ మొగలో ఏ పొద్దున ఎంత నీరుంటుందో చూసి బోటు దాటించాల్సిందే. అచ్చు వేసిన పటం ఎప్పుడూ నిన్నటిదే. అక్కడి మనిషికే ఇవాళ్టి సంగతి తెలుస్తుంది. 1908 నాటి భారత ఓడరేవుల చట్టం, ఒక పరిమాణం మించిన ఓడలు నిర్దేశిత రేవుల్లో పైలట్ లేకుండా కదలకూడదని రాయడం వెనక కారణం ఇదే.

మరి ఈ మాట ఆకాశానికి ఎలా ఎక్కింది? మొదటి మెట్టు బెలూన్. 1783లో పారిస్‌లో మనుషులు తొలిసారి బెలూన్‌లో ఎగిరారు. 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి బెలూన్ నడిపేవాణ్ణి ఇంగ్లీషులో పైలట్ అనడం కనిపిస్తుంది. బెలూన్‌కు ఇంజన్ లేదు, స్టీరింగ్ లేదు. పైకి వెళితే ఒక గాలి, కొంచెం దిగితే ఇంకో గాలి. ఏ ఎత్తులో ఏ గాలి ఎటు పోతుందో తెలిసినవాడే దాన్ని అనుకున్న వైపు తీసుకెళ్లగలడు. డ్రైవర్ అనడానికి అక్కడ తోలేది ఏమీ లేదు. దారి తెలిసినవాడు అనే పాత మాట కుదురుకోవడానికి ఇదే కారణమై ఉండాలి. రైట్ సోదరులు 1903 డిసెంబరు 17న ఎగిరిన కొద్ది ఏళ్లకే విమానం నడిపేవాడికీ అదే పేరు స్థిరపడింది.

పోటీ లేక కాదు. ఏవియేటర్ అనే మాట ఉంది. ఏవియేషన్‌ను 1863లో ఫ్రెంచివాడైన గాబ్రియేల్ ద లా లాండెల్ తయారుచేశాడు. లాటిన్‌లో పక్షి అనే అర్థమున్న అవిస్ నుంచి కట్టిన మాట అది. నేలపట్టు కొంగల గూళ్లనూ పులికాట్ రాజహంసలనూ చూసి పెరిగినవాళ్లకు ఎగరడం అంటే ముందు గుర్తుకొచ్చేది పక్షే కాబట్టి ఆ మాట గెలవాల్సింది. కానీ మనిషికి పేరుగా పైలటే గెలిచాడు. చిత్రమేమంటే, పక్షిని తలుచుకుని ఆ మాట కట్టిన లా లాండెల్ కూడా నౌకాదళంలో పనిచేసి వచ్చినవాడే. కొత్తగా ఎగరడం నేర్చిన లోకం తన మాటల్లో చాలావాటిని ఓడల నుంచే తెచ్చుకుంది. ఎయిర్‌పోర్ట్ అంటే గాలి రేవు. విమానం వేగం నాట్లలో చెబుతారు, అది ఓడ వేగం కొలవడానికి తాడుకు వేసిన ముడులు. విమానం తోకకు ఉండే రడ్డర్ చుక్కానే. ఆస్ట్రోనాట్ అంటే నక్షత్రాల నావికుడు. అందులోని నాట్‌కూ మన నావ, నౌకలకూ ధాతువు ఒకటే. కాక్‌పిట్ కూడా ఓడ మీదుగానే వచ్చింది. అసలు అర్థం కోడిపందేల గొయ్యి. తర్వాత ఓడలో కింద ఉండే ఇరుకు గది, పడవలో చుక్కాని పట్టేవాడు కూర్చునే పల్లపు చోటు, చివరికి విమానంలో పైలట్ కూర్చునే చోటు.

తెలుగు ఈ విషయంలో సగం వేరే దారి పట్టింది. విమానం ఓడ నుంచి రాలేదు. కొలవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిన పాత మాట అది. అమరకోశం దాన్ని దేవతల ఆకాశయానం అంటుంది, శిల్పులు గర్భగుడి మీది కట్టడాన్ని విమానం అంటారు. కానీ అంతరిక్షం దగ్గరికి వచ్చేసరికి మనమూ ఓడనే తెచ్చుకున్నాం, వ్యోమనౌక అన్నాం. పాత నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోటకు వెళ్లే దారి పులికాట్ సరస్సు మధ్య నుంచి పోతుంది. పక్కన నావలు, ఎదురుగా వ్యోమనౌకలను పంపే చోటు.

ఆకాశం నుంచి ఈ మాట మళ్లీ నేలకు దిగిందని అనుకోవడం కూడా పూర్తిగా సరికాదు. నేల మీద పైలట్ ఎప్పుడూ ఉన్నాడు. బ్రిటిష్ కాలంలో వైస్రాయి రైలుకు ముందు పట్టాలు బాగున్నాయో లేదో చూస్తూ ఒక ఇంజన్ వెళ్లేది, దాన్ని పైలట్ ఇంజన్ అనేవాళ్లు. అమెరికాలో రైలింజను ముందు పశువులను పక్కకు నెట్టే ఇనుప చట్రానికీ పైలట్ అనే పేరు. ఆవిరి ఇంజన్ల రోజుల్లో పెద్ద లోకోషెడ్ ఉన్న బిట్రగుంట లాంటి రైల్వే ఊళ్లో పైలట్ అనే మాట కొత్తగా వినపడి ఉండదు. మంత్రుల కాన్వాయ్‌కు ముందు పోయే జీపు పైలట్ వాహనం. గ్యాస్ గీజర్‌లో ఎప్పుడూ వెలిగే చిన్న మంట పైలట్ మంట, పెద్ద మంటను అంటించేది అదే. వడ్రంగి స్క్రూ బిగించే ముందు సన్నగా వేసే బెజ్జం పైలట్ హోల్. ఎత్తులో గాలి ఎటు వీస్తుందో తెలుసుకోవడానికి వాతావరణ పరిశీలకులు వదిలే చిన్న బెలూన్ పైలట్ బెలూన్. తొలిరోజుల్లో మనుషులు ఎక్కే ముందు గాలి చూడటానికి దాన్ని వదిలేవాళ్లు. పరీక్షలకు పిల్లలు జేబులో పెట్టుకుపోయే పైలట్ పెన్నుకూ ఆకాశంతో సంబంధం లేదు. 1918లో టోక్యోలో ఆ కంపెనీ పెట్టిన ర్యోసుకె నమికి నావికా విద్యాలయంలో అధ్యాపకుడు. ఆ పైలట్ ఓడ పైలటే. ఇక వైమానిక దళం నుంచి రాజకీయాల్లోకి వచ్చిన రాజేశ్ పైలట్ చేతిలో ఈ మాట ఇంటిపేరు కూడా అయింది.

వీటన్నిటిలో ఉన్న అర్థం ఒకటే: ముందు వెళ్లి, వెనక వచ్చేవాళ్లకు దారి ఖాయం చేయడం. దీన్ని పట్టుకుంటే మన పత్రికల్లో రోజూ కనిపించే పైలట్ ప్రాజెక్టు అనే మాట సంగతి తేలుతుంది. ఫలానా మండలాన్ని పైలట్ ప్రాజెక్టు కింద ఎంపిక చేశారు అని చదువుతాం. దాన్ని తెలుగు చేసేటప్పుడు "ప్రయోగాత్మకంగా" అని రాయడం అలవాటైంది. ఇది సరిపోదు. ప్రయోగం చేసి ఫలితం రాకపోతే వదిలేయవచ్చు, వెనక ఎవరూ రానక్కర్లేదు. పైలట్ ప్రాజెక్టు అలా కాదు. 1948లో ఉత్తరప్రదేశ్‌లోని ఇటావాలో మొదలైన గ్రామాభివృద్ధి పథకాన్ని పైలట్ ప్రాజెక్టు అన్నారు. అక్కడ నేర్చుకున్నదాన్ని ఆధారం చేసుకునే 1952 అక్టోబరు 2న దేశమంతా సమాజాభివృద్ధి పథకం మొదలైంది. ముందు పోయి లోతు చూసి చెప్పడమే దాని పని. మార్గదర్శక పథకం అంటే అర్థం చెడదు. మన ఊరిని పైలట్‌గా ఎంచారంటే అధికారులు ఏం చూశారో, ఏం నేర్చుకున్నారో, దాన్ని ఎవరికి చెప్పారో అడిగే హక్కు ఊరివాళ్లకు ఆ మాటే ఇస్తుంది. ప్రయోగాత్మకం అనేసరికి ఆ ప్రశ్న జారిపోతుంది.

విమాన చోదకుడు అనే అనువాదంలోనూ లోపం ఇదే. చోదకుడు అంటే తోలేవాడు, ముందుకు నెట్టేవాడు. డ్రైవర్‌కు అది సరైన తెలుగు. పైలట్‌లో ఉన్న దారి ఎరుక అందులోకి రాలేదు. 1914లోనే పారిస్ దగ్గర లారెన్స్ స్పెర్రీ తన విమానం దానంతటదే నడుస్తుంటే చేతులు పైకెత్తి చూపించాడు. ఈ రోజు ప్రయాణికుల విమానాన్ని ఎక్కువ సేపు నడిపేది ఆటోపైలటే. తోలే పని యంత్రానికి పోయినా పైలట్ ఎందుకు ఉన్నాడంటే, తుపాను మేఘం అడ్డొచ్చినప్పుడు ఎటు తిరగాలో, దిగాల్సిన చోట దిగాలో లేదో తేల్చడానికి. రేవులో ఓడ మీద నిలబడిన పైలట్ చేసేదీ అదే.

ఈ లెక్కన 108 బండికి వద్దాం. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు, నల్లమల అంచున ఉన్న మండలాల్లోనో, ఉదయగిరి కొండల చుట్టూనో రాత్రి ఫోన్ వస్తే, తెర మీద కనపడేది ఊరి పేరు, ఒక చుక్క. వానకు ఏ చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, తిరునాళ్ల వల్ల ఏ వీధి మూసేశారు, ఏ దారిన పోతే కాన్పు నొప్పులు పడుతున్న మనిషికి కుదుపులు తక్కువ, దగ్గరి ఆసుపత్రిలో డాక్టరు లేకపోతే ఇంకో ఆసుపత్రికి అడ్డదారి ఏది, ఇవి చుక్కలో ఉండవు. భరుకచ్ఛం జాలరికి ఇసుక తిన్నెలు తెలిసినట్టు ఇవి తెలిసినవాణ్ణి పిలవడానికి డ్రైవర్ చాలదు. ఈ మాటకు అతని హక్కు విమానం నడిపేవాడి హక్కుకు తక్కువది కాదు, పైగా దాని కంటే పాతది.

పని అయ్యాక పైలట్ ఓడలో ఉండడు. కృష్ణపట్నం నుంచి బయటికి పోయే ఓడను లోతు నీళ్ల దాకా తీసుకొచ్చి, కెప్టెన్‌కు చెయ్యిచ్చి, మళ్లీ అదే తాడు నిచ్చెన దిగి కింద ఊగుతున్న బోటులో కాలుపెడతాడు. ఓడ మీద తెలుపు ఎరుపు జెండా దించుతారు. బోటు రేవు వైపు తిరుగుతుంది, అక్కడ ఇంకో ఓడ పసుపు నీలం జెండా ఎగరేసి ఉంటుంది.